చంద్రగిరి కోటకు పోతున్నారా? మహల్ కంటే ముందు గోడ చూడండి

తిరుపతికి వచ్చినవాళ్లలో చాలామంది చంద్రగిరికి ఇచ్చేది ఒక్క గంట. దర్శనం అయిపోయి ఉంటుంది, రైలేమో రాత్రికి, మధ్యలో ఖాళీ ఎందుకని ఆటో మాట్లాడుకొని పోతారు, రాజమహల్ ముందు నాలుగు ఫోటోలు దిగుతారు, మ్యూజియంలో ఒక చుట్టు తిరిగి వచ్చేస్తారు. వాళ్లు చూసింది ఒక అందమైన భవనాన్ని మాత్రమే, కోటను కాదు. చంద్రగిరి అంటే ఆ ఒక్క మహల్ కాదు, దాని చుట్టూ కిలోమీటరున్నర పొడవున రాతి గోడ ఉంది, గోడ బయట కందకం ఉంది, లోపల పాడుబడిన గుళ్లు, వెనక గుట్ట, గుట్ట మీద ఇంకో కోట ఉన్నాయి. విజయనగర రాజులు తమ చివరి రోజుల్లో రాజ్యం నడిపిన ఊరది. కనీసం ఒక పూట ఇవ్వండి. వీలైతే ఒక రాత్రి తిరుపతిలో ఉండేలా రెండు రోజులు పెట్టుకోండి, కోట, శ్రీనివాస మంగాపురం గుడి, తిరుమల కొండకు నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు మూడూ ఒకే దారిలో ఉన్నాయి కాబట్టి హడావుడి లేకుండా అన్నీ కుదురుతాయి.

అన్నిటికంటే ముందు వారం చూసుకోండి. రాజమహల్‌లో ఉన్న మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఈ ఒక్క సంగతి తెలియక బెంగళూరు, మద్రాసు నుంచి లాంగ్ వీకెండ్ అని శుక్రవారమే దిగి, తాళం చూసి వెనక్కి పోయేవాళ్లు ఎంతమందో. శనివారం పొద్దున అన్నిటికంటే మంచి టైం. ఆదివారం మధ్యాహ్నం నుంచి చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా పిల్లలతో వస్తారు, సందడిగా బాగానే ఉంటుంది కానీ తీరిగ్గా చూడాలనుకునేవాళ్లకు పొద్దునే మేలు. మ్యూజియం పదింటికి తెరుస్తారు. మీరు ఎనిమిదికల్లా గోడ దగ్గర ఉంటే రెండు గంటలు బయట తిరిగి, ఎండ ముదిరే వేళకు మ్యూజియం నీడలోకి వెళ్లొచ్చు. ఈ వరస తప్పించి పదింటికి మహల్, పన్నెండింటికి గోడ అని పెట్టుకుంటే మన చిత్తూరు ఎండ మిమ్మల్ని పదినిమిషాల్లో ఆటో ఎక్కిస్తుంది.

నెలల విషయానికొస్తే డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, గుట్ట పచ్చగా చూడ్డానికి చాలా బాగుంటుంది, కానీ తుపాను కబురు ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగింది, శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి నెలల తరబడి మూసేశారు. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలతో, పెద్దవాళ్లతో వద్దు. తప్పదంటే పొద్దున్నే వెళ్లి తొమ్మిదిన్నరకు గోడ పని ముగించుకోండి.

దారి తేలిక. తిరుపతి నుంచి 15 కిలోమీటర్ల లోపే. బస్టాండులో చిత్తూరు, పీలేరు వైపు పోయే బస్సుల దగ్గర నిలబడి చంద్రగిరిలో ఆగుతుందా అని కండక్టర్‌ను అడిగి ఎక్కండి, కొన్ని ఎక్స్‌ప్రెస్‌లు ఊళ్లోకి రాకుండా బైపాస్ మీదుగా పోతాయి. షేర్ ఆటోలూ ఉన్నాయి. ఊళ్లో దిగాక కోట దాకా ఇంకో రెండు కిలోమీటర్లు ఉంటుంది, అక్కడ ఆటోకు మాట్లాడేటప్పుడే పోను మాత్రమేనా, వెయిటింగ్‌తో సహా రానుపోనా అనేది తేల్చుకోండి. చంద్రగిరికి రైల్వే స్టేషన్ కూడా ఉంది, తిరుపతి నుంచి పాకాల వైపు పోయే లైన్‌లో, అయితే అక్కడ ఆగే బండ్లు తక్కువ. బెంగళూరు నుంచి కారులో పలమనేరు, చిత్తూరు మీదుగా వచ్చేవాళ్లకైతే చంద్రగిరి తిరుపతి కంటే ముందే తగులుతుంది. అందరూ పక్కనుంచే దూసుకుపోతారు. పొద్దున్నే బయల్దేరితే కాణిపాకంలో వినాయకుణ్ణి చూసుకొని, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం గోడ అని మార్చుకోవచ్చు. సాయంత్రం గోడ కూడా బాగుంటుంది, ఎండ ఏటవాలుగా పడి రాళ్ల మీద ఉలి గాట్లు స్పష్టంగా కనిపిస్తాయి.

వెంట తీసుకుపోవాల్సినవి పెద్దగా లేవు. మనిషికి ఒక లీటరు నీళ్లు, టోపీ లేదా తువ్వాలు, గట్టి చెప్పులు. చేతిలో తినేవి కనపడేలా పట్టుకోవద్దు, కోతులున్నాయి. కొంచెం చిల్లర ఉంచుకోండి, ఒక్కోసారి సిగ్నల్ సతాయిస్తే క్యూఆర్ కోడ్‌తో టికెట్ తీసుకోవడానికే పది నిమిషాలు పడుతుంది. పదిహేనేళ్ల లోపు పిల్లలకు కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో టికెట్ లేదు, వాళ్లకు కూడా కొని తర్వాత బాధపడొద్దు.

కొంచెం చరిత్ర తెలుసుకొని పోతే అక్కడి రాయి రాయీ మాట్లాడుతుంది, లేకపోతే అన్నీ ఒకేలా పాత గోడలే. అందుకే ఇంట్లోనే పది నిమిషాలు కూర్చోబెట్టి పిల్లలకు ఈ మాత్రం చెప్పండి. కోట కట్టింది యాదవరాయలు, సుమారు వెయ్యేళ్ల కిందట, ఇమ్మడి నరసింహ యాదవరాయల కాలంలో అని చెబుతారు. మూడు వందల ఏళ్లకు పైగా వాళ్ల చేతిలో ఉన్నాక 14వ శతాబ్దంలో విజయనగరం కిందికి వచ్చింది. ఆ తర్వాత ఇక్కడి నుంచి పైకి ఎదిగినవాడు సాళువ నరసింహరాయలు. విజయనగరంలో సంగమ వంశం నీరసించిపోయిన రోజుల్లో చంద్రగిరిని ఏలుతున్న ఈయనే 1485లో సింహాసనం అందుకొని రాజ్యాన్ని నిలబెట్టాడు. అంటే హంపీని కాపాడిన చెయ్యి మన చంద్రగిరిదే. ఈ మాట మన జిల్లా బడుల్లో ఇంకా గట్టిగా చెప్పాలని నా కోరిక.

కృష్ణదేవరాయల కాలంలో ఈ కోట ఇంకో పనికి వాడారు. రాజ్యానికి పోటీ వస్తారనుకున్న తమ్ముళ్లను ఇక్కడే కాపలాలో పెట్టారు. వాళ్లలో అచ్యుతదేవరాయలు 1529లో ఇక్కడి నుంచి బయటికి వచ్చి రాజయ్యాడు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత హంపీ పాడుబడింది, రాజధాని పెనుకొండకు మారింది. గోల్కొండ సైన్యాలు పెనుకొండ మీదికి పదే పదే వస్తుంటే, 1592 ప్రాంతంలో రెండో వేంకటపతిరాయలు రాజధానిని ఇంకా దక్షిణానికి, చంద్రగిరికి తెచ్చాడు. ఆ తర్వాత కొలువు వేలూరుకు కూడా మారింది. చంద్రగిరినే ఎందుకు ఎంచుకున్నాడో తెలియాలంటే కోట దగ్గర నిలబడి చుట్టూ చూస్తే చాలు. వెనక ఎక్కడం కష్టమైన గ్రానైట్ గుట్ట, పక్కన స్వర్ణముఖి, కనుచూపు మేరలో తిరుమల కొండలు, తూర్పున విదేశీ వర్తకులు దిగుతున్న సముద్రతీరం మరీ దూరం కాదు. దేవుడు, నీళ్లు, కొండ, వ్యాపారం నాలుగూ ఒకే చోట ఉన్నాయి.

ఇక నడక. ఆటోవాళ్లు నేరుగా మహల్ గేటు దాకా తీసుకుపోతారు, మీరు కోట గోడ దగ్గరే దిగిపోండి. మొదట బయటి వైపు నుంచి చూడండి. ఒక్కో రాయి ఎంతుందో చేత్తో కొలవండి, మనిషి కంటే పొడవైనవి కూడా కనిపిస్తాయి. వాటి మధ్య సున్నం లేదు. రాయిని రాయికి సరిగ్గా కుదిరేలా చెక్కి, ఒకదాని మీద ఒకటి పెట్టి, బరువుతోనే నిలబెట్టారు. సున్నం పెడితే వానలకు, చెట్ల వేళ్లకు ఏనాటికైనా వదులవుతుంది. ఇందులో కరగడానికి ఏమీ లేదు కాబట్టి ఇన్ని వందల ఏళ్లయినా చాలాచోట్ల కదలలేదు. రాళ్ల అంచుల్లో వరసగా చిన్న చిన్న గుంతలు కనిపిస్తే ఆగి చూడండి, బండను చీల్చడానికి కొట్టిన గుంతలవి. ముందు వరసగా గుంతలు తీసి, వాటిలో మేకులు బిగించి, ఒకదాని తర్వాత ఒకటి సమంగా కొట్టుకుంటూ పోతే గ్రానైట్ ఆ గీత వెంబడే పగులుతుంది. ఈ పని చేసే రాతి పనివాళ్లు మన ప్రాంతంలో ఈ మధ్య దాకా ఉండేవాళ్లు, మీ తాతల్ని అడిగితే చూశామంటారు.

గోడ బయట కందకం ఆనవాళ్లు చూడండి. కొన్నిచోట్ల ముళ్లకంపలు కమ్ముకున్నాయి, కొన్నిచోట్ల పూడిపోయింది, అయినా పల్లం తెలుస్తుంది. వానాకాలం తర్వాత అక్కడక్కడ నీళ్లు నిలుస్తాయి. ఆ పల్లంలో నిలబడి గోడ పైకి చూస్తే, దాడికి వచ్చిన సిపాయికి ఈ కోట ఎలా కనిపించి ఉంటుందో అర్థమవుతుంది. అందుకే గోడ ముందు చూడమంటున్నాను. లోపలి మహల్ ఎంత అందంగా ఉన్నా అది భయం లేని రోజుల్లో కట్టుకునే రకం భవనం, దాని కిటికీలు పెద్దవి, వరండాలు తెరుచుకొని ఉంటాయి. ఈ గోడ భరోసా లేకపోతే అలాంటి మహల్ కట్టే ధైర్యం ఎవరికీ రాదు. గోడ చూసి లోపలికి వెళ్లినవాడికి మహల్ ఇంకోలా కనిపిస్తుంది, నేరుగా మహల్ దగ్గర దిగినవాడికి అది పాత కాలపు బంగళా లాగే మిగిలిపోతుంది.

దయచేసి గోడ ఎక్కొద్దు. పిల్లలు ఎక్కుతామంటారు, రాళ్ల సందుల్లో పాములుంటాయి, పైగా మీద ఉన్న చిన్న రాళ్లు వదులుగా ఉండొచ్చు. పొదల వైపు పోకుండా నడిచిన దారి వెంటే నడవండి.

లోపలికి వచ్చాక కూడా నేరుగా టికెట్ కౌంటర్‌కు పోవద్దు. కోట ఆవరణలో శివాలయాలు, విష్ణ్వాలయాలు కలిపి పాడుబడిన గుళ్లు చాలా ఉన్నాయి. చాలావాటిలో మూల విగ్రహం లేదు, గోపురం సగమే ఉంది, మండపం స్తంభాలు మాత్రం నిలిచి ఉన్నాయి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగండి. స్తంభాల మీద చిన్న చిన్న బొమ్మలుంటాయి, పిల్లలకు ఒక్కో స్తంభం అప్పజెప్పి హనుమంతుడు ఎక్కడున్నాడు, చేప ఎక్కడుంది, నాట్యం చేసే మనిషి ఎక్కడ అని వెతకమనండి. విసుగు పుట్టిన పిల్లవాడు కూడా అరగంట కదలడు.

ఈ గుళ్ల దగ్గర నాకు కడుపు మండే సంగతి ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. రాయలసీమ అంతటా పాత గుడి కనిపిస్తే గుప్తనిధులున్నాయని గర్భగుడి తవ్వేవాళ్లున్నారు. విగ్రహాలు పెకలించి, నేల బండలు లేపి, ఏమీ దొరక్క అలాగే వదిలేసి పోతారు. దొంగలు తవ్వింది చాలదన్నట్టు, చూడ్డానికి వచ్చినవాళ్లు సుద్దతోనో మేకుతోనో పేర్లు చెక్కిపోతారు. రక్షిత కట్టడం మీద గీతలు గీయడం చట్టప్రకారం నేరం, నీలం బోర్డు మీద రాసి ఉంటుంది, చదివి పిల్లలకు చెప్పండి. ఆ కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్తగా ఏ కట్టుబడీ కట్టకూడదు, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు కట్టాలన్నా అనుమతి కావాలి అనేది కూడా ఆ చట్టంలోనిదే. మీ కళ్ల ముందు ఎవరైనా రాస్తుంటే మెల్లగా వద్దని చెప్పండి, వినకపోతే సెక్యూరిటీని పిలవండి. మనకెందుకులే అని ఊరుకుంటే పదేళ్లలో ఆ స్తంభం మీద బొమ్మ బదులు పేర్లే మిగులుతాయి.

పదింటికి టికెట్ తీసుకొని రాజమహల్‌కు రండి. ముందు ఎదురుగా పచ్చిక మీద, బాగా దూరంగా నిలబడి మొత్తం ఒకేసారి చూడండి. మూడంతస్తులు. మూడింటికీ కొసదేరిన కమానుల వరసలు, అవి తురక కట్టడాల పద్ధతి. పైన కప్పు మీద మెట్లు మెట్లుగా లేచిన శిఖరాలు, అవి మన గుడి విమానాల పద్ధతి. బహమనీ, బీజాపూరు సుల్తానులతో ఒకవైపు యుద్ధాలు చేస్తూనే ఇంకోవైపు వాళ్ల కట్టుబడి పద్ధతులు నేర్చుకొని, వాటిని తమ శిఖరాలతో కలిపేశారు. హంపీలో లోటస్ మహల్ చూసినవాళ్లకు ఈ పోలిక వెంటనే తడుతుంది. ఇంకో విశేషం, ఇంత భవనంలో కట్టె వాడలేదు. రాయి, ఇటుక, సున్నం అంతే. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య దూలాలు లేవు, కమానులే బరువు మోస్తున్నాయి. చెద పట్టడానికి, కాలడానికి ఏమీ లేదు కాబట్టే హంపీలో మహళ్లు చాలావరకు పునాదులతో మిగిలితే ఇది నిలబడింది. అక్కడ పై అంతస్తులు కట్టెవి. లోపలికి పోయాక తలెత్తి కప్పు చూడండి, గచ్చు పనిలో తీగలు, పూలు ఇంకా అక్కడక్కడ ఉన్నాయి. మధ్యలోని దర్బారు హాలు ఎత్తును గమనించండి.

మ్యూజియంలో అన్నీ చూడాలని పెట్టుకోవద్దు, అలసిపోతారు. నా మాట విని మూడు పనులు చెయ్యండి. కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలుచున్న లోహ విగ్రహాల దగ్గర ఐదు నిమిషాలు నిలబడండి. రాయల టోపీ, నగలు, కట్టుకున్న బట్ట, రాణుల కొప్పు అన్నీ చూడండి, ఎందుకంటే రేపు తిరుమలలో దీంతో పనుంది. రెండోది, గుడిమల్లం, గండికోట, యాగంటి లాంటి చోట్ల నుంచి తెచ్చిన శిల్పాలున్నాయి, పక్కన ఏ ఊరిదో రాసి ఉంటుంది. మీది రాయలసీమ అయితే మీ ఊరికి దగ్గరగా ఉన్నది ఏదో ఒకటి దొరుకుతుంది. గుడిమల్లం పేరు విననివాళ్లు రాసి పెట్టుకోండి, ఏర్పేడు దగ్గరి చిన్న ఊరు, దేశంలోనే అతి పాత శివలింగాల్లో ఒకటి అక్కడ ఇప్పటికీ పూజలందుకుంటోంది, ఇంకోసారి రావడానికి అదే కారణం చాలు. మూడోది, కత్తులు, నాణేలు. పిల్లలు ఎలాగూ అటే పరిగెడతారు. లోపల ఫోటోలు తీయొచ్చా లేదా అనేది గేటు దగ్గరే అడిగేయండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది అంతస్తుతో సరిపెట్టుకోవచ్చు, మెట్లు ఎత్తుగా ఉన్నాయి.

ఈ కోటకు మద్రాసుతో ఉన్న సంబంధం మాత్రం తెలుసుకోకుండా రావద్దు. 1639లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే సముద్రం ఒడ్డున కోట కట్టుకోవడానికి స్థలం సంపాదించాడు. ఇచ్చింది ఆ ప్రాంతాన్ని చూస్తున్న దామెర్ల వేంకటాద్రి నాయకుడు. ఆయన పైన రాజు చంద్రగిరి ఏలుతున్న పెద వేంకటరాయలు. రాజు ఈ రాజమహల్‌లోనే ముద్ర వేశాడని ఇక్కడివాళ్లు గట్టిగా చెబుతారు. అక్కడ లేచిందే సెయింట్ జార్జి కోట, దాని పక్కన పెరిగిన ఊరికి నాయకుడి తండ్రి చెన్నప్ప పేరు మీద చెన్నపట్నం అని పేరొచ్చింది. ఏటా ఆగస్టు 22న చెన్నైలో ఊరి పుట్టినరోజు జరుపుతారు. ఆ పండగలో చంద్రగిరి పేరు ఎంతమంది తలుస్తారో కానీ, చెన్నై నుంచి వచ్చే మన తెలుగువాళ్లు ఒకసారి ఇక్కడ నిలబడి ఆ మాట అనుకోవాలి. ఆ దానం ఇచ్చిన కొన్నేళ్లకే, 1646లో, కోట గోల్కొండ చేతికి పోయింది. తర్వాత ఆర్కాటు నవాబులు, 1782లో హైదరాలీ, 1792 తర్వాత చివరికి ఆ కంపెనీ వాళ్లే.

రాణీమహల్ పక్కనే ఉంది, రెండంతస్తులు, చిన్నది. పేరు విని అంతఃపురం ఊహించుకొని పోతే నిరాశగా ఉంటుంది, లోపల చూడ్డానికి ఎక్కువ లేదు, బయటి నుంచి పైన శిఖరాల వరస చూసి వచ్చేయొచ్చు. దగ్గర్లోని కొలను గట్టు మీద చెట్ల నీడలో కాసేపు కూర్చోండి, మీతో వచ్చిన పెద్దవాళ్లకు ఇదే అన్నిటికంటే నచ్చుతుంది.

గుట్ట మీది కోటకు పోవాలని కుర్రాళ్లకు ఉంటుంది. గుట్ట సుమారు 180 మీటర్ల ఎత్తు, నున్నటి బండలు, సరైన దారి లేదు, పైన నీళ్లు లేవు. ముందు సెక్యూరిటీని అడగండి. వద్దంటే వద్దు. పంపిస్తామంటే కూడా ఒంటరిగా పోవద్దు, దారి తెలిసిన ఊరి మనిషి లేకుండా పోవద్దు, వాన పడ్డ మర్నాడు అసలు పోవద్దు. సాయంత్రం పూట సౌండ్ అండ్ లైట్ షో గురించి కూడా అడుగుతుంటారు. ఆ రోజు నడుస్తుందో లేదో, ఏ భాషలో ఎన్నింటికో పొద్దున టికెట్ కౌంటర్ దగ్గరే కనుక్కోండి. అది ఉంటే లాభం, దాని కోసమే ప్రయాణం మాత్రం కట్టుకోవద్దు.

కోట లోపల భోజనం దొరకదు. గేటు దగ్గర మొక్కజొన్న కంకులు, కారం చల్లిన మామిడికాయ ముక్కలు, కూల్‌డ్రింకులు అంతే. ఒంటిగంటకు ఊళ్లోకి వచ్చి భోజనం చెయ్యండి. రోడ్డు పక్క మెస్సుల్లో రాగి సంగటి దొరుకుతుంది, నాటుకోడి పులుసుతోనో, మాంసం తినకపోతే పప్పు, శెనక్కాయల చట్నీతోనో అడగండి. ఏసీ హోటల్ కోసం తిరుపతికి వెనక్కి పోతే ఆ మధ్యాహ్నం అక్కడే అయిపోతుంది, శ్రీనివాస మంగాపురం మిగిలిపోతుంది. సీతాఫలాల కాలమైతే దారి పక్కన గంపల్లో అమ్ముతుంటారు, బాగా కళ్లు తెరిచిన కాయలు ఏరుకోండి, ఒకటి రెండు రోజుల్లో మాగిపోతాయి.

మూడున్నర, నాలుగింటికి శ్రీనివాస మంగాపురం చేరుకోండి, తిరుపతి పోయే దారి మీదే. పద్మావతిని పెళ్లాడాక కొత్త జంట వెంటనే కొండ ఎక్కకూడదని శ్రీనివాసుడు ఆరు నెలలు ఇక్కడ అగస్త్యుడి ఆశ్రమంలో ఉన్నాడని కథ. కొత్తగా పెళ్లయినవాళ్లు, పెళ్లి కావాల్సినవాళ్లు అందుకే ఎక్కువ వస్తారు. గుడి మాత్రం ఒకప్పుడు పాడుబడిపోతే 1540లో అన్నమయ్య మనవడు తాళ్లపాక చినతిరుమలాచార్యులు బాగుచేయించి పూజలు మళ్లీ మొదలుపెట్టించాడు, అప్పుడు రాజు పొద్దున మీరు విన్న అచ్యుతదేవరాయలే. తిరుమలలో లాగా తోపులాట ఉండదు, కల్యాణ వెంకన్నను నిలబడి కళ్లారా చూడొచ్చు. మాఘమాసంలో బ్రహ్మోత్సవాలప్పుడు మాత్రం రద్దీ ఉంటుంది.

రెండో రోజు ఓపికుంటే శ్రీవారి మెట్టు. మంగాపురం నుంచి ఐదారు కిలోమీటర్లలో మొదలవుతుంది, 2,388 మెట్లు, అలిపిరి కంటే చాలా దగ్గర దారి. మామూలు మనిషి గంటన్నరలో ఎక్కేస్తాడు, కాకపోతే మెట్లు నిటారుగా ఉంటాయి, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు బస్సులో పైకి రావడమే మంచిది. చంద్రగిరి రాజులు కొండకు పోయింది ఈ దారినే అని పెద్దలు చెబుతారు. తిరుమలలో నైవేద్యం గంట మోగితే మధ్యలో మండపాల్లోని గంటలు ఒకదాని తర్వాత ఒకటి అందుకొని చంద్రగిరి దాకా వినిపించేవని, అది విన్నాకే రాజు భోజనానికి కూర్చునేవాడని కూడా చెబుతారు. తెల్లవారుజామున ఎక్కడం మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, ఈ దారి రాత్రంతా తెరిచి ఉండదు, పొద్దున ఆరు తర్వాతే వదులుతారు. నడిచి వచ్చేవాళ్లకు టోకెన్లు ఎక్కడ ఇస్తున్నారు, ఎన్నింటికి అయిపోతున్నాయి అనే పద్ధతి మారుతూ ఉంటుంది కాబట్టి ముందు రోజు సాయంత్రమే కనుక్కోండి.

పైన దర్శనానికి మహాద్వారం దాటగానే అందరూ ముందుకు తోసుకుంటూ పోతారు. మీరు ఒక్క క్షణం కుడివైపు తల తిప్పండి. ప్రతిమా మండపంలో మీరు నిన్న మ్యూజియంలో చూసిన ముగ్గురూ, కృష్ణదేవరాయలు ఇద్దరు దేవేరులతో, స్వామికి చేతులు జోడించి ఉంటారు. 1513లో మొదటిసారి వచ్చి స్వామికి కిరీటం చేయించిన రాయలు మొత్తం ఏడుసార్లు ఈ కొండకు వచ్చాడు. ఎడమవైపు చూస్తే చంద్రగిరిలో బందీగా ఉండి రాజైన అచ్యుతరాయలు భార్య వరదాంబికతో, ఆ పక్కనే రాజధానిని చంద్రగిరికి తెచ్చిన వేంకటపతిరాయలు. క్యూలో ఆగడానికి వీలుండదు, అందుకే ముఖాలు ముందే మ్యూజియంలో గుర్తు పెట్టుకోమన్నాను.

శుక్రవారమే తిరుపతి చేరేవాళ్లు ఈ వరసను తిరగేసుకోండి. శుక్రవారం మెట్టు ఎక్కి దర్శనం చేసుకొని రాత్రికి కిందికి దిగండి, శనివారం పొద్దున ఎనిమిదికి గోడ దగ్గర ఉండండి. మధ్యాహ్నం భోజనం అయ్యాక మంగాపురం చూసుకొని తిరుపతికి వచ్చినా సాయంత్రం రైలు హాయిగా అందుతుంది. సామాన్లు మాత్రం రూములోనో స్టేషన్ క్లోక్‌రూములోనో పెట్టేసి రండి, బ్యాగులు మోసుకుంటూ ఆ గోడ చుట్టూ నడవలేరు.